పద్నాలుగు బొటనవేళ్ళు

మంగళవారం, పొద్దున పది నలభై. సాయంత్రం నాలుగింటికి విశాఖలో బ్యాంకు సంతకాలు. ఈలోగా నేను తేల్చాల్సింది ఒకటే: వరహాలమ్మ వేలిముద్ర వేసిందా, లేదా?

"ఎయ్యనేదు బావూ," అంది వరహాలమ్మ, అప్పటికి ఐదోసారి.

"మరి కాగితం మీద ఉందేమిటమ్మా? నీ పేరు, నీ సర్వే నంబరు, నీ బొటనవేలు."

"పేరు నాదే. బూమీ నాదే. ఏలు నాది కాదు."

నాకు ఒళ్ళు మండింది. పలాసలో ఈ జీడిపప్పు ఫ్యాక్టరీ షెడ్డుకి రావడం ఇది రెండోరోజు. ఇక్కడ పనిచేసే పద్నాలుగు మంది ఆడవాళ్ళని పద్నాలుగు రకాలుగా అడిగాను. అందరిదీ ఒకటే మాట. భూమి వ్యవహారాల్లో రాత్రి ముద్ర వేసి, పొద్దున లేచి వెయ్యలేదనేవాళ్ళని నా సర్వీసులో వందమందిని చూశాను. అందుకే ఒక్కరినీ నమ్మలేదు.

నేను విశాఖలో ప్రైవేట్ డిటెక్టివ్‌ని, పేరు సూర్యప్రకాష్. కవిటి దగ్గర సముద్రపు ఒడ్డున 'సాగరజ్యోతి పవర్' అనే ప్రైవేటు కంపెనీ గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రం కట్టబోతోంది. గ్యాసు ఓడల్లో వస్తుంది. ఒడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు కొబ్బరితోటల కిందుగా పైపులో ప్లాంటుకి చేరాలి. పైపు వెళ్ళే దారిలో ప్రతి రైతూ ఒప్పుకుంటేనే అప్పు ఇస్తామని బ్యాంకు షరతు పెట్టింది. ఈ రోజు అప్పు పత్రాల మీద సంతకాలు కాకపోతే గ్యాసు ఒప్పందం అర్ధరాత్రికి రద్దవుతుంది. గ్యాసు లేని ప్లాంటుతో కరెంటు ఒప్పందం ఎవడు నిలబెట్టుకుంటాడు? నాలుగేళ్ళ పని మొత్తం గోవిందా.

రైతుల్ని ఒప్పించే పని కంపెనీ తరఫున చూసినవాడు కొండబాబు, ఆ ఒడ్డునే పుట్టిన మత్స్యకారుడు. పోయిన సోమవారం అతను బ్యాంకుకి ఫోన్ చేసి, ఈ పద్నాలుగు మంది ఆడవాళ్ళూ ఒప్పుకోలేదని, కంపెనీ ఒప్పుకున్నట్టు చూపిస్తోందని చెప్పాడు. మర్నాడు సాయంత్రం నుంచి మనిషి లేడు. బుధవారం తెల్లారేసరికి అతని బోటు ఒడ్డున తిరగబడి ఉంది. వేటకెళ్ళి మునిగిపోయాడని ఊరంతా అనుకుంది. శనివారం పద్నాలుగు అంగీకార పత్రాలూ ముద్రలతో సహా బ్యాంకుకి చేరాయి. అవి అసలువో కావో తేల్చమని బ్యాంకు నన్ను పెట్టుకుంది.

"అసలు మీరెందుకు ఒప్పుకోలేదు?" అన్నాను, కాస్త గొంతు తగ్గించి.

"పైపు ఎల్లిన సోట సెట్టు నాటకూడదంట. తిత్లీ తుపానుకి తోటలు పోతేనే కదా, ఏడేల్లుగా ఈ సెడ్డులో పడి ఉన్నాం. పడిపోయిన సోట మళ్ళీ మొక్కలెట్టుకున్నాం. ఇంకో రెండేల్లకి కాపుకొత్తాయి. ఆ కాపొచ్చిన్నాడు ఈ పని మానీసి ఊరెల్లిపోతాం. ఆ సెట్లు తీసీమంటే ఇంకెక్కడికెల్తాం? కొండబాబుకీ ఇదే సెప్పినాం. నాలుగైదు సార్లు వచ్చినాడు పాపం. ఆకరికి 'నువ్వు సెప్పింది నిజవే అత్తా' అనీసి ఎల్లిపోనాడు."

"సరే, మరి ఈ వేలు?"

"ఏలు ఏలు అని పానం తీస్తన్నావు. ఏదీ, సూడు నా ఏలు!"

నల్లటి బొటనవేలు నా మొహం మీదికి వచ్చింది. చూశాను. గీత అన్నది లేదు. జీడిపిక్క పెంకులోంచి కారే జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా ఆగదు. ఏడేళ్ళలో ఆవిడ వేళ్ళు పలక కంటే నున్నగా అయిపోయాయి.

"రేసను మిసను నా ఏలు తీసుకోదు బావూ. కన్ను సూపిత్తేనే బియ్యం ఇత్తారు. ఇక్కడ ఎవుల్నైనా అడుగు, అందరిదీ ఇదే కత."

అడగాల్సిన పని లేకపోయింది. పిక్కలు కొట్టడం ఆపి అందరూ చేతులు చూపించారు. పద్నాలుగు మంది బొటనవేళ్ళలో ఒక్కదానికీ ముద్ర లేదు.

నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది. ఇదే జిల్లా కోటబొమ్మాళిలో పుట్టినవాణ్ణి. పలాస జీడి చేతులు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. రెండు రోజులుగా తేదీలు చూశాను, సాక్షి సంతకాలు చూశాను, సర్వే నంబర్లు చూశాను. ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి మాత్రం చూడలేదు.

సంచిలోంచి కాగితాలు తీసి వరసగా పరిచాను. అన్నింటి మీదా గీతలు పొల్లుపోకుండా పడిన ముద్రలు. అన్నింటిలోనూ మధ్య నుంచి ఏటవాలుగా ఒక సన్నటి తెల్లగీత. స్కానర్ గీత అనుకుని దాన్ని రెండు రోజులు పక్కన పెట్టాను. స్కానర్ గీతైతే కాగితం అంతా ఉండాలి, ఇది వేలి మీదే ఉంది. పద్నాలుగు ముద్రలూ ఒకే మనిషివి, ఆ మనిషి బొటనవేలు ఎప్పుడో తెగింది.

బయటికొచ్చి యామినికి ఫోన్ చేశాను. బ్యాంకులో ఈ అప్పు చూసే ఆఫీసరు ఆవిడే.

"పద్నాలుగూ దొంగ ముద్రలు. ఒకే మనిషివి."

"ఫోరెన్సిక్ రిపోర్టు ఉందా?"

"లేదు. నా కళ్ళున్నాయి."

"సూర్యప్రకాష్ గారూ, మీ కళ్ళని నేను బోర్డు ముందు పెట్టలేను. జీడిపప్పు కొట్టేవాళ్ళకి వేలిముద్రలుండవని రాసిస్తే నా మొహం మీదే నవ్వుతారు. అది ఎవరి వేలో చెప్పండి. పేరు కావాలి. అదీ మూడున్నర లోపు."

"ఇంత పెద్ద బ్యాంకు, నాకు ఐదు గంటలా?"

"నాకూ అంతే ఇచ్చారు," అంది, అలసిపోయిన గొంతుతో.

"పోనీ, ఒక్కటి చెప్పండి. ఈ ఫారం ఎప్పటిది?"

"మేం పంపిందే. పాతదాంట్లో సర్వే నంబర్లు తప్పు పడ్డాయి. సరిచేసి కంపెనీకి శుక్రవారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి మెయిల్ చేశాను. అంతకు ముందు ఈ ఫారం భూమ్మీద లేదు."

శుక్రవారం మూడూ ఇరవై. రాసుకుని కారెక్కాను. పలాసలో ఇంకో గంట ఉన్నా నాకు దొరికేది ఆ నున్నటి వేళ్ళే. కొండబాబు ఊళ్ళో తిరగబడిన బోటు ఇంకా ఒడ్డునే ఉంది, దాన్ని మాత్రం నేనింకా చూడలేదు.

కవిటి దాటి కొండబాబు వాళ్ళ పాలెం చేరేసరికి పన్నెండూ ఇరవై ఐదు. కొండబాబు భార్య రాణి బోటు నీడలో కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. లేవలేదు.

"ఇంకా ఎందుకొత్తారు? అందరూ ఒచ్చి సూసి ఎల్లిపోనారు."

"వాళ్ళు ఏం చూశారో నాకు తెలీదు. నన్ను చూడనివ్వమ్మా."

బోటు వెనక చెక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంజను లేదు. అది బిగించిన చోట మరలు నొక్కుకున్న గుండ్రటి అచ్చులు రెండున్నాయి. గీరుకుపోయిన గుర్తు ఒక్కటి లేదు. అల పెరికేసి ఉంటే చెక్క చీలి ఉండాలి. ఇంజను జారిపోతే సముద్రం పాలు కాకుండా కట్టే తాడు ఒకటి ఉంటుంది. ఆ తాడు తెగలేదు. శుభ్రంగా చుట్ట చుట్టి, కూర్చునే పలక సందులో దోపి ఉంది.

"ఇంజన్ని సముద్రం తీసుకుపోయిందంతన్నారు," అంది రాణి వెనక నుంచి. "సముద్రం ముడి ఇప్పుద్దా బావూ? ఇప్పి తాడు సుట్ట సుట్టుద్దా?"

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"అందరికీ సెప్పినాను. మొగుడు పోయిన దుక్కంలో ఏదో మాటాడతందన్నారు."

ఆవిడ మాట వినడానికి ఒక్కడికీ తీరిక లేకపోయిందంటే నాకు సిగ్గేసింది. నేనూ ఇవాళ పొద్దున దాకా ఆ బాపతే. ఎవరో ఇంజను విప్పి తీసుకెళ్ళి, ఖాళీ బోటుని అలల్లోకి తోసి తిరగేశారు. అంటే కొండబాబు వేటకి వెళ్ళనే లేదు.

కాగితం ఒకటి తీసి ఆవిడ చేతికిచ్చాను. "ఈ ముద్ర చూడు. ఇలా వేలు తెగినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"

రాణి కాగితాన్ని ఎండలోకి తిప్పింది. తెల్లగీత మీద వేలు పెట్టి చూసింది.

"ఇది మా ఆయన ఏలు."

"ఖాయంగానా?"

"పెద్ద కోనాం సేప పడితే గేలం తాడు కోసీసింది. ఎడం సేతి బొటనేలు. ఎముక కనిపించింది. నానే కట్టు కట్టినాను. నాకు తెల్దా?"

"రాణమ్మా, బోటు దొరికింది బుధవారం. ఈ కాగితం పుట్టింది శుక్రవారం మధ్యాహ్నం. మీ ఆయన శుక్రవారం సాయంత్రం బతికే ఉన్నాడు."

ఆవిడ గట్టిగా నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపి, వేళ్ళు మడవడం మొదలెట్టింది.

"మంగలారం... సుక్కురారం... ఇయ్యాల మంగలారం."

"ఏమిటమ్మా?"

"డయాలిసిస్సు బావూ. వారానికి రెండుపాలి. పోయిన మంగలారం పొద్దున సేయించుకొచ్చినాడు. సుక్కురారం తప్పిపోయింది. ఇయ్యాల పొద్దునా తప్పిపోయింది. మా మావ మూడు తప్పితే పోనాడు."

"కంపెనీ వాళ్ళకి తెలుసా?"

"తెలిత్తే పని తీసేత్తారని సెప్పనేదు. ఎండాకాలంలోనూ పొడుగు సేతుల సొక్కాయే తొడుక్కునీవోడు."

అప్పుడు అర్థమైంది నాకు ఆ ముద్రల సంగతి. ఆ ఆడవాళ్ళకి వేలిముద్రలుండవని కొండబాబుకి నాకంటే బాగా తెలుసు. తన తెగిన వేలు ఈ ఊళ్ళో ఎవరైనా గుర్తుపడతారనీ తెలుసు. నేను బతికే ఉన్నానని పద్నాలుగు కాగితాల మీద పద్నాలుగు కేకలు వేశాడు. నేను వాటిని సంచిలో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను.

ఒంటిగంటా ఐదుకి కంపెనీ జీపు వచ్చి మా పక్కన ఆగింది. దిగినవాడు హేమంత్. ఐదేళ్ళు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సాగరజ్యోతికి సెక్యూరిటీ హెడ్. ఈ కేసులో రెండు రోజులుగా నేను ఎక్కడికి వెళ్ళినా నాకంటే గంట ముందు వెళ్ళి వస్తున్నాడు.

"ఏం గురువుగారూ, ఎండలో? మూడున్నరకి రిపోర్టు ఇవ్వాలి కదా. టైపింగు మొదలెట్టారా?"

"కొండబాబు ఎక్కడ?"

"సముద్రంలో. పాపం."

"శుక్రవారం మూడూ ఇరవై తర్వాత సముద్రంలోంచి లేచొచ్చి వేలిముద్రలు వేసి వెళ్ళాడా?" కాగితం వాడి ముక్కు ముందు పెట్టాను. "తెగిన వేలు. భార్య గుర్తుపట్టింది. ఫారం పుట్టిన టైము బ్యాంకు దగ్గరే ఉంది."

హేమంత్ కాగితం వంక అర నిమిషం చూశాడు. బుకాయించలేదు. ఎదుటివాడికి తెలిసిపోయినదాన్ని కాదనకు, బేరం మొదలెట్టు అని నేర్పింది నేనే.

"సరే. ఇప్పుడు ఒంటిగంట దాటింది. పోలీసులకి చెప్పుకోండి. వాళ్ళు వెతికి పట్టుకునేసరికి నాలుగు దాటిపోతుంది. మీ యామినిగారికి చెబితే ఫోరెన్సిక్ రిపోర్టు అడుగుతారు."

"అడిగింది," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

"చూశారా. నాలుగు దాటాక నేనే కార్లో తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపుతాను. కొట్టుకుపోయి ఒడిశా ఒడ్డున తేలాడంటే సరిపోతుంది. ఒంటి మీద దెబ్బ పడలేదు గురువుగారూ. పద్నాలుగు మంది కోసం నాలుగేళ్ళ ప్రాజెక్టు కూలిపోనిస్తామా? గ్యాసు, భూమి, నీళ్ళు, అప్పు, అన్నీ ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. ఒక్కటి లాగితే అన్నీ పోతాయి."

"ముద్రలు బలవంతంగా వేయించావా?"

"లేదే! ఎవరిదో ఒక వేలు కావాలన్నాను. 'బయటోల్లు ఎందుకు, నేనే వేస్తాను' అన్నాడు. దారికొచ్చాడనుకున్నాను."

"అతనికి డయాలసిస్ తప్పిపోయింది రా. రెండుసార్లు."

"మొదటి రోజు నుంచీ అదే పాట. ఈ ఉద్దానంలో ఎవణ్ణి ముట్టుకున్నా కిడ్నీ అంటాడు. వదిలేస్తే నేరుగా బ్యాంకుకి పరిగెడతాడు, నాకు తెలీదా?" హేమంత్ కొంచెం నొచ్చుకున్నట్టే మాట్లాడాడు. "అయినా నేను మరీ రాక్షసుణ్ణి కాదు. ఇక్కడి నీళ్ళు కిడ్నీలకి మంచివి కావంటారు కదా, అందుకని చుక్క నీళ్ళు ముట్టనివ్వలేదు. రోజుకి పది కొబ్బరి బొండాలు తాగిస్తున్నాం. మొదట మొండికేశాడు. దాహమేస్తే తాగక ఏం చేస్తాడు?"

రాణి లేచి నిలబడింది.

"బొండాలా?"

ఆవిడ మొహం చూసి హేమంత్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కిడ్నీ పోయినోడికి బొండం నీల్లు విసంరా! సిన్న గుంటకి తెలుసు ఈ ఊర్లో. కొబ్బరి సెట్టు కింద పుట్టి, మూడేల్లుగా సుక్క ముట్టనేదు మావోడు. గుండి ఆగిపోద్ది!"

"నాటకం," అన్నాడు హేమంత్, కానీ నా వైపు చూసి అన్నాడు.

"నాటకమా? నీ మనిసికి ఫోను సెయ్యి. మా ఆయన ఎడం సేతికి సొక్కా ఎత్తి, మోసేతి కాడ సెయ్యెట్టి సూడమను. డయాలిసిస్సుకని అక్కడ నరం కలిపి కుట్టినారు. ముట్టుకుంటే జుయ్యిమంతాది. అనకపోతే నన్ను ఈ సముద్రంలో తోసీ."

ఒంటిగంటా ఇరవై రెండు. హేమంత్ ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు. అవతల ఎత్తినవాడు కృష్ణ, హైదరాబాదు నుంచి తెచ్చుకున్న గార్డు.

"కృష్ణా, ఏం చేస్తున్నాడు?"

"పడుకున్నాడు సార్. పొద్దున రెండు బొండాలు తాగించా. అప్పట్నుంచి లేపితే మూలుగుతున్నాడు గానీ లేవట్లేదు. నిద్రపోతే పోనీ అన్నారు కదా అని ఊరుకున్నా."

చొక్కా పట్టుకుని ఊపేశాను హేమంత్‌ని. "ఎక్కడ? చెప్పరా, ఎక్కడ?"

"రావివలస. జీడితోటలో గెస్ట్‌హౌస్."

రావివలసంటే టెక్కలి పక్కన. మాకు ఎనభై కిలోమీటర్లు. నా ఫోన్ తీసి 108 కొట్టాను. మధ్యలో యామిని ఫోన్ వస్తోంది. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాను. ఈ పూట ఆ సంతకాలు అయినా ఒకటే, కాకపోయినా ఒకటే అనిపించింది నాకు.

రాణి హేమంత్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అన్నా, నువ్వెవులో నాకు తెల్దు. ఆయన ఎడం సేతి సొక్కా పైకి తియ్యి."

"టైట్‌గా ఉందమ్మా, రావట్లేదు."

"సింపీ!"

బట్ట చిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత కృష్ణ గొంతు మారిపోయింది. "అయ్యో, ఇదేందమ్మా, ఇక్కడ లావుగా ఉబ్బి ఉంది?"

"దాని మీద సెయ్యెట్టు. జుయ్యిమంతందా?"

"ఆ... అంటోందమ్మా. వేళ్ళకి తెలుస్తోంది."

రాణి కళ్ళు మూసుకుంది. "సెయ్యి తియ్యకు. గుండి ఆడినంతసేపే అది జుయ్యిమంతాది. ఆగితే సెప్పు."

టెక్కలి నుంచి బండి బయల్దేరిందని, పన్నెండు నిమిషాలు పడుతుందని నా చెవిలో 108 వాళ్ళు చెప్పారు. ఆ మాటే గట్టిగా అరిచి చెప్పాను. హేమంత్ జీపు తాళాలు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆఖరికి తాళాలు నేనే లాక్కున్నాను. రాణి ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే నా పక్క సీట్లోకి ఎక్కింది.

"ఆ అదురు నెమ్మదిగా వస్తోందమ్మా," అన్నాడు కృష్ణ. "మధ్యలో ఆగి వస్తోంది."

"వత్తంది కదా? సెయ్యి తియ్యకు."

ఒంటిగంటా ఇరవై తొమ్మిది. జీపు ఇసకలోంచి రోడ్డెక్కుతుండగా ఫోన్లోంచి చాలాసేపు ఏమీ వినపడలేదు.

"ఆగిపోయిందమ్మా."

రాణి ఏడవలేదు. రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, గెస్ట్‌హౌస్ గదిలో మోగేంత గట్టిగా అరిచింది.

"ఎల్లకిల పడుకోబెట్టు! రెండు సేతులూ గుండి మీదెట్టి నొక్కు! నొక్కతా ఉండు అన్నా, బండొచ్చీదాకా ఆపకు!"